ఏడో దూలం మీది పానా

టిక్కెట్ల గదిలో పెద్దాయన కూర్చునే స్టూలు వెనక, గోడకి ఒక చెక్క బోర్డు బిగించి ఉంది. దాని మీద పదిహేడు పానాల ఆకారాలు తెల్లరంగుతో గీసి ఉంటాయి. ఒక్కో ఆకారం మీద ఒక్కో మేకు. ఏ పానా అయినా దాని ఆకారం మీదే వేలాడాలి. తెల్లరంగు కంటపడిందంటే ఆ పానా ఎక్కడో ఉండిపోయిందన్నమాట. ఎక్కడో అంటే రంగులరాట్నం లోపల కూడా కావచ్చు, అందుకే ఆ బోర్డు.

రంగులరాట్నం కదిలే ముందు, మధ్యలో మీట దగ్గర నిలబడ్డ మనిషి "బోర్డు?" అని కేకెయ్యాలి. గదిలో ఉన్న మనిషి వెనక్కి తిరిగి, కళ్ళతో చూసి, "నిండింది" అనాలి. ఆ మాట వినపడితే తప్ప మీట మీద చెయ్యి పడకూడదు. ఈ పద్ధతి పెట్టింది పెద్దాయనే. మూడేళ్ళ కిందట అల్లుడు ఒకసారి చూడకుండా "నిండింది" అనేశాడని, అతన్ని వారం రోజులపాటు గుర్రాలు తుడవడం తప్ప ఇంకో పని ముట్టుకోనివ్వలేదు. అల్లుడన్న మొహమాటం కూడా పెట్టుకోలేదు.

అంతటి మనిషి ఆ రోజు మధ్యాహ్నం వెనక్కి తిరగకుండానే "నిండింది" అన్నాడు.

కావాలని చేసింది కాదు. ముప్పై ఏళ్ళుగా మీట దగ్గర రోజుకి నలభైసార్లు విన్న మాట, ఈ ఏడాదిగా తనే అంటున్న మాట. ఎవరైనా కులాసానా అంటే ఆ, కులాసాయే అన్నట్టు, నోరు దానంతటదే అనేసింది. పైగా ఆ సమయంలో ఆయన మోకాలు నిమురుకుంటూ ఉన్నాడు. మోకాలు ఎందుకు సలుపుతోందో తెలియాలంటే పొద్దున్న ఆయన చేసిన నిర్వాకం తెలియాలి.

పొద్దున్న కొత్త మైదానంలో రాట్నం నిలబెట్టాక, ఖాళీగా రెండు చుట్లు తిప్పి చూశారు. పెద్దాయన స్టూలు మీద కళ్ళు మూసుకుని విన్నాడు. చుట్టుకి ఒకసారి, నడిమి స్తంభం పైకొసన, టక్‌మని చిన్న చప్పుడు. కూతుర్ని పిలిచి చెప్పాడు. ఆవిడ స్తంభానికి ఇనపకడ్డీ ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, ఓపిగ్గా వింది. ఏమీ లేదని, కొత్త నేల కదా కాస్త సర్దుకుంటుందని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. ఆ మర్యాదే ఆయనకి ఒళ్ళు మండించింది. మంచం కింద దెయ్యముందని ఏడ్చే పిల్లాడికి, ఏం లేదులే పడుకో అని చెప్పినట్టు ఉంది ఆ గొంతు.

కూతురికి నలభై రెండేళ్ళు. తండ్రి మోకాలు మొరాయించాక ఈ ఏడాదే మీట ఆవిడ చేతికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే తండ్రి చేత ఒట్టు వేయించుకుంది, ఇక నిచ్చెన ఎక్కనని. డెబ్భై ఒకటో ఏట కూతురికి ఒట్టు వెయ్యాల్సి రావడం కంటే తల కొట్టేసినట్టయ్యే పని ఇంకొకటి ఉండదని ఆయన అభిప్రాయం. అయినా వేశాడు. ఆ పొద్దున్న కూతురు స్నానానికి వెళ్ళగానే, అల్లుడు లారీ వెనక జనరేటరు దగ్గర ఉన్న సమయం చూసుకుని, ఇరవైనాలుగో నంబరు పానా నడుముకి దోపుకుని స్తంభం లోపలి నిచ్చెన ఎక్కాడు.

చూసేవాళ్ళకి తెలియదు గాని, ఈ రాట్నం కింది నుంచి నిలబడింది కాదు, పై నుంచి వేలాడేది. నడుమ ఒకే ఒక్క స్తంభం. దాని నెత్తిన ఒక పెద్ద బేరింగు. ఆ బేరింగు నుంచి గొడుగు పుల్లల్లా పన్నెండు దూలాలు. దూలాలకి కడ్డీలు, కడ్డీలకి పిల్లలు నడిచే చెక్క పలక, అన్నీ వేలాడుతూ తిరుగుతాయి. ఒక్కో దూలం పక్కన ఒక్కో వంకర ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు లోపలి కొసన ఉన్న పళ్ళచక్రం, స్తంభానికి కదలకుండా బిగించిన పెద్ద పళ్ళచక్రం మీద దొర్లుతుంది. దాంతో ఇరుసు తిరుగుతుంది. ఇరుసులో వంకరలు ఉన్నచోటల్లా ఒక గుర్రం వేలాడుతూ ఉంటుంది కాబట్టి, వంకర పైకి పోతే గుర్రం లేస్తుంది, కిందికొస్తే దిగుతుంది. గుర్రం గెంతడంలో కిటుకు అంతే. కింద మోటారు తిప్పుతుంది, క్లచ్ కలుపుతుంది, బ్రేకు ఆపుతుంది. మిగతాదంతా రంగులు, అద్దాలు.

పైకి వెళ్ళి చూస్తే బేరింగు మూత మీది బోల్టు ఒకటి అర చుట్టు వదులుగా ఉంది. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. బిగించాడు. చెవులంటే ఇవీ అనుకుని, పైన ఒక్కడే కూర్చుని కాసేపు మురిసిపోయాడు. అంతలో కింద కూతురి గొంతు వినపడింది. దిగడానికి రెండు చేతులూ కావాలి. నడుముకి దోపుకుంటే పానా నిచ్చెనకి తగిలి చప్పుడు చేస్తుంది. అందుకని దాన్ని పక్కనున్న దూలం మీద పెట్టి, తర్వాత తీసుకోవచ్చులే అని గబగబా దిగాడు. ఏం చేస్తున్నావని కూతురు అడిగితే ఊరికే గాలికి వచ్చానన్నాడు. అంతలో గేటు దగ్గర జనం పోగయ్యారు. పానా సంగతి ఆయన బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

ఈ కుటుంబంలో ఇంకో పద్ధతి ఉంది. కొత్త చోట మొదటి ఆటకి సొంత బిడ్డ రాట్నం మీద ఉండాలి. మన పిల్లను ఎక్కించలేని రాట్నం మీద ఊళ్ళో పిల్లల్ని ఎక్కించే హక్కు మనకి లేదని పెద్దాయన తండ్రి పెట్టిన నియమం. అందుకని ఆ మధ్యాహ్నం పెద్దాయన తన చేతులతోనే అయిదేళ్ళ మనవరాలిని ఎత్తి, దానికి ఇష్టమైన నల్లగుర్రం మీద కూర్చోబెట్టి, నడుముకి బెల్టు పెట్టాడు. నల్లగుర్రం ఉండేది ఏడో దూలం బయటి కొసన.

కూతురు "బోర్డు?" అంది. ఆయన "నిండింది" అన్నాడు. బాకా పాట మొదలైంది, ఇరవై ఆరుగురు పిల్లలతో రాట్నం కదిలింది.

అయిదో చుట్టులో పెద్దాయన మంచినీళ్ళ సీసా కోసం వెనక్కి తిరిగాడు. బోర్డు మీద చివరి నుంచి రెండో చోట, మోచేతి పొడవున, తెల్లటి ఆకారం కనపడింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. సీసా మీది చెయ్యి అలాగే ఉండిపోయింది. జిడ్డు చేతులతో పట్టుకున్న పానా, జిడ్డోడే దూలం. ఏ దూలమో కూడా గుర్తుంది. నిచ్చెన దిగుతూ చూశాడు, తెల్లరంగుతో ఏడు అని రాసి ఉంది.

ఇక్కడ పెద్దాయన గురించి ఒక నిజం చెప్పుకోవాలి, దాచి లాభం లేదు. మొదట ఆయనకి తోచింది మనవరాలు కాదు. కూతురికి తెలిసిపోతుందే అని తోచింది. నోరు మూసుకుంటే ఆట దానంతటదే అయిపోతుందేమో, జనం దిగాక మెల్లగా పైకెక్కి తెచ్చుకోవచ్చేమో అనుకున్నాడు. ఆ ఆలోచన ఎంతోసేపు ఉండలేదు. నల్లగుర్రం ఒకసారి కళ్ళ ముందు నుంచి వెళ్ళి మళ్ళీ వచ్చేటంతసేపు ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు మనవరాలు ఆయన్ని చూసి చెయ్యి ఊపింది. తనమీద తనకి అంత అసహ్యం ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

రాట్నం ఆపించడం కష్టం కాదు. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా పెడితే చాలు, కూతురు ఎందుకని అడగకుండా బ్రేకు తొక్కేస్తుంది. ముందు చెప్పింది చెయ్యి, తర్వాత ఎందుకని అడుగు అని నేర్పింది కూడా ఆయనే. చేతులు సగం దాకా లేచాయి కూడా. అక్కడే ఆగిపోయాయి.

రాట్నం చటుక్కున ఆగితే దాని మీద ఉన్న ప్రతిదీ ముందుకి పడుతుంది. పిల్లలకైతే బెల్టులున్నాయి, పానాకి ఏముంది? దూలం జానెడు వెడల్పు. దాని ముందు పక్కనే వంకర ఇరుసు తిరుగుతూ ఉంటుంది. జారిన పానా ఇరుసులో ఇరుక్కుంటే గుర్రాల కడ్డీ ఊడి వస్తుంది, ఇరుక్కోకపోతే తిన్నగా కిందికి పడుతుంది. రెండు కిలోల ఇనుము, రెండు మనుషుల ఎత్తు నుంచి. అలాగని వదిలేస్తే తిరగడం వల్లనే అది అంగుళం అంగుళం బయటికి జరుగుతుంది. బయట కొసన ఉన్నది నల్లగుర్రమే.

ఒకటే దారి. క్లచ్ తీసేసి, బ్రేకు వెయ్యకుండా, రాట్నాన్ని దానంతటది అలిసిపోయి ఆగేలా వదలాలి. ఆ సంగతి చేతులూపి చెప్పడానికి ఏ సైగా లేదు. అరిస్తే బాకా పాటలో సగం మాట వినపడుతుంది, వినపడిన ఆ సగం విని ఆవిడ బ్రేకే తొక్కుతుంది. వెళ్ళి చెప్పాలి. పాట మూడు నిమిషాలు. చివర్లో డ్రమ్ము మొదలవగానే ఆవిడ మామూలుగా బ్రేకు వేసి ఒక్క చుట్టులో ఆపేస్తుంది. ఇప్పటికే సగం పాట అయిపోయింది.

పెద్దాయన గదిలోంచి బయటపడ్డాడు. కూతురు నిలబడే చోటు చుట్టూ అద్దాల పలకలు ఉంటాయి, టిక్కెట్ల గది వైపు మాత్రం తలుపంత సందు. తండ్రి తిరుగుతున్న రాట్నం ఎక్కడం ఆ సందులోంచి కనపడితే ఆవిడ బ్రేకు తొక్కడం ఖాయం. అందుకని జనాన్ని తోసుకుంటూ వెనక వైపుకి వెళ్ళాడు. ఎవరో ఒకావిడ తన కాలు తొక్కినందుకు తిట్టింది. ఆయనకి వినపడలేదు.

ముందు చెయ్యి, తర్వాత కాలు, ముఖం ఎప్పుడూ రాట్నం పోయే వైపు. యాభై ఏళ్ళు చేసిన పనే. కడ్డీ పట్టుకోవాలంటే దాంతోపాటు నాలుగడుగులు పరుగెత్తాలి. మొదటి కడ్డీ చేతికి అందలేదు. రెండోది అందింది గాని మోకాలు ఒప్పుకోలేదు, వదిలేశాడు. ఇక్కడ పడ్డా అంతే, ఎవరో ఒకరు కేకేస్తారు, కూతురు బ్రేకు తొక్కుతుంది. కాబట్టి పడటానికి వీల్లేదు. మూడో కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. మోకాల్లో ఏదో పటుక్కుమంది. కాలు పలక మీద పడింది.

తలెత్తి చూశాడు. పైన కప్పు లేదు, దూలాలన్నీ కనపడతాయి. రెండు దూలాల ముందు ఏడోది. పొద్దున్న స్తంభం పక్కన పెట్టిన పానా ఇప్పుడు దూలంలో మూడింట రెండు వంతుల దూరం వచ్చేసింది. కొస ఒకటి ఇరుసు వైపు పక్కకి తిరిగి ఉంది.

పరుగెత్తడానికి లేదు. వేలాడే పలక మీద మనిషి పరుగెత్తితే అది ఊగుతుంది. గుర్రం తర్వాత గుర్రం పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. నల్లగుర్రం పక్కకి వచ్చేసరికి మనవరాలు కిలకిలా నవ్వింది.

"తాతా, నువ్వూ ఎక్కావా?"

బెల్టు తీసి దాన్ని చంకనేసుకోవడం ఒక్క చేత్తో అయ్యే పని. చెయ్యి దాని నడుము దాకా వెళ్ళింది కూడా. కాని అదే దూలం కింద, మధ్య వరసలో, పళ్ళు ఊడిన పిల్ల ఒకతి గుర్రం మెడ కౌగిలించుకుని ఉంది. దాని వాళ్ళు కంచె అవతల ఎక్కడో నిలబడి చూస్తున్నారు, రాట్నంవాళ్ళని నమ్మి. ఒకరిని దించేలోపు డ్రమ్ము మొదలవుతుంది. ఆయన మనవరాలి వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేసి, లోపలికి నడిచాడు. ఆ రెండు గజాలు నడవడానికి ఆయనకి పట్టినంత కాలం బతుకులో ఇంకే రెండు గజాలకీ పట్టలేదు.

తిరిగే పలక మీంచి కదలని నడిమి గట్టు మీదికి అడుగు వేస్తుండగా డ్రమ్ము మొదలైంది. కూతురి కాలు అప్పుడే బ్రేకు మీదికి వెళుతోంది.

"క్లచ్ తీసెయ్. బ్రేకు ముట్టుకోకు. దానంతటది ఆగనీ."

ఆవిడ ఆయన ముఖం చూసింది. నువ్వెలా వచ్చావని అడగలేదు. క్లచ్ తీసి, బ్రేకు మీంచి కాలు వెనక్కి లాక్కుంది. ముందు చెయ్యి, తర్వాత అడుగు. మోటారు మూలుగు తేలికైంది.

"ఇరవైనాలుగు పైనుంది. ఏడో దూలం మీద. నేనే పెట్టా."

"ఏడో దూలం కింద ఎవరున్నారు?" అంది ఆవిడ, తెలిసి కూడా.

"నీ కూతురే."

ఆవిడ పలక మీదికి దూకబోయింది. ఆయన ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పలక ఊగితే పానా పడుతుందని చెప్పాడు. ఆవిడకీ తెలుసు. అయినా చెయ్యి విడిపించుకోవడానికి ఒకసారి గట్టిగా గుంజింది, తర్వాత ఆగిపోయింది. ఇద్దరూ ఆ సందు దగ్గర నిలబడి, నల్లగుర్రం ఎదురుగా వచ్చి వెళ్ళినప్పుడల్లా లెక్కపెట్టారు. ఒకటి. మనవరాలు చెయ్యి ఊపింది, ఇద్దరూ నవ్వు తెచ్చుకుని చేతులూపారు. రెండు. బాకా పాట అయిపోయింది. పాట ఆగాక పైన ఇనుము చెక్క మీద గీసుకుంటున్న సన్నటి చప్పుడు వినపడింది. కూతురి గోళ్ళు ఆయన చేతిలో దిగబడ్డాయి. మూడో చుట్టు అంతకు ముందు చుట్టుకి రెండింతలు పట్టింది. నాలుగోది ఎంతకీ పూర్తి కాలేదు. నల్లగుర్రం వాళ్ళకి ఎదురుగా, సగం లేచి, అలాగే నిలబడిపోయింది.

ఆవిడ పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళింది. ముందు పళ్ళు ఊడిన పిల్లని దించింది. తర్వాత తన పిల్లని దించింది. మిగతా పిల్లల్ని, పలక ఒక పక్కకి వాలకుండా, ఈ వైపు ఒకరిని ఆ వైపు ఒకరిని దించుకుంటూ వచ్చింది. ఇంతేనా అని ఒక తండ్రి సణిగాడు. నూనె వెయ్యాలి, పావుగంట ఆగి అందరికీ మళ్ళీ ఒక ఆట ఊరికే తిప్పుతామని ఆవిడ చెప్పింది. గొంతు ఏమాత్రం వణకలేదు. అది చూసి పెద్దాయనకి గర్వం కలిగింది. గర్వపడే హక్కు ఇవాళ తనకి ఉందా అన్న ప్రశ్న కూడా వెంటనే కలిగింది.

నిచ్చెన ఎక్కి ఆవిడ చాలాసేపటికి గాని దిగలేదు. పానా దూలం అంచు దాటి జానెడు బయటికి వచ్చి ఉందట. ఆ మాట తర్వాత అల్లుడికి చెప్పింది, తండ్రికి చెప్పలేదు. దిగి, పానా తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"బోల్టు వదులైందా?" అంది.

"అర చుట్టు."

"నాకు వినపడలేదు నాన్నా."

"నీకు వినపడేదాకా చెప్పాల్సింది నేను. దొంగలా ఎక్కాల్సింది కాదు." ఆయన పానా వైపే చూస్తూ అన్నాడు. "ఇంకో మాట. బోర్డు నిండిందన్నప్పుడు నేను వెనక్కి తిరగలేదు."

ఆవిడ పానా తుడిచిన గుడ్డ మడిచి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. అల్లుడిని తను తిట్టిన తిట్లన్నీ ఆయనకి గుర్తున్నాయి, వాటిలో ఒకటి తనకి కూడా పడి ఉంటే కాస్త ఊపిరాడేది. కూతురు పిల్లని ఎత్తుకుని రాట్నం వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ మొదటి ఆట కదా, నియమం నియమమే. నల్లగుర్రం మీద కూర్చోబెట్టి బెల్టు రెండుసార్లు లాగి చూసింది.

పెద్దాయన కుంటుకుంటూ గదిలోకి వెళ్ళి పానా మేకుకి తగిలించాడు. స్టూలుని బోర్డుకి ఎదురుగా తిప్పుకుని కూర్చున్నాడు. జనం ఎక్కారు. మధ్య నుంచి కేక వచ్చింది.

"బోర్డు?"

ఒక్కొక్క పానా వేలితో తాకి చూశాడు. పదిహేడూ ఉన్నాయి. ఒక్క చోట కూడా తెల్లరంగు లేదు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. మొదటి ఆటకి దానంతటదే వచ్చేసిన మాట అది. కేక మళ్ళీ వచ్చింది. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"నువ్వొచ్చి చూసుకో తల్లీ."

కూతురు గట్టు దిగి వచ్చింది. జనం అటూ ఇటూ చూసుకున్నారు. గదిలోకి వచ్చి, తండ్రి నేర్పినట్టే, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒక్కొక్క పానా వేలితో తాకింది. ఇరవైనాలుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. ఇక ఈ పని కూడా ఆవిడదే అనుకున్నాడు పెద్దాయన. లేచి స్టూలు ఆవిడకి ఇవ్వడానికి గోడ పట్టుకున్నాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, బయటికి వెళ్ళిపోయింది.

మీట దగ్గర నిలబడింది. సందులోంచి సూటిగా ఆయన వైపు చూసింది. చెయ్యి మీట మీద పెట్టలేదు.

"బోర్డు?" అంది.

తన కళ్ళతో చూసుకుని వెళ్ళిన మనిషి మళ్ళీ అడుగుతోంది. అవతల పిల్లలు గుర్రాల మీద కాళ్ళు ఆడిస్తున్నారు. నల్లగుర్రం మీది పిల్ల కూడా తాత వైపే చూస్తోంది. ఆవిడ చెయ్యి ఇంకా పక్కనే వేలాడుతోంది. ఆ మాట వినపడితే తప్ప అది కదలదు.

పెద్దాయన మళ్ళీ మొదటి పానా నుంచి మొదలుపెట్టాడు. పదిహేడోది తాకాక కిటికీ వైపు తిరిగాడు.

"నిండింది," అన్నాడు.